మొదటిసారి లైవ్ మ్యూజికల్ చూడబోతున్నాం, ఏ సీట్లు తీసుకోవాలి?

కొత్త_ప్రేక్షకురాలు:

నమస్తే అందరికీ. మేం నలుగురం, నేనూ మావారూ మా అమ్మా మా ఎనిమిదేళ్ళ పాపా, మొదటిసారి ఒక పెద్ద మ్యూజికల్ చూడబోతున్నాం, అంటే నాటకమే గానీ పాటలూ డాన్సులూ లైవ్ ఆర్కెస్ట్రా అన్నీ ఉంటాయి కదా ఆ టైపు. సినిమాకైతే వెనక వరసల్లో మధ్యలో కూర్చుంటే చాలు, ఆలోచించకుండా బుక్ చేసేస్తాను. ఇక్కడ సీటింగ్ మ్యాప్ ఓపెన్ చేసి ఎంతసేపు చూసినా ఏం అర్థం కావట్లేదు. స్టాల్స్, డ్రెస్ సర్కిల్, అప్పర్ సర్కిల్, బాక్స్ అని ఏవేవో ఉన్నాయి, పక్కపక్కనే ఉన్న రెండు సీట్లకి రేటు వేరే వేరేగా ఉంది, కొన్నిటి మీద రిస్ట్రిక్టెడ్ వ్యూ అని రాశారు.

మావారు ఇంత డబ్బు పెట్టి వెళ్తున్నాం కదా ముందు వరసే తీసుకుందాం అంటున్నారు. నాకేమో కాస్త పైనుంచి చూస్తే స్టేజీ మొత్తం కనపడుతుందేమో అనిపిస్తోంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే భయం, వినికిడి కూడా ఈమధ్య తగ్గింది, హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటుంది. పాప ముందు ఎవరైనా పొడుగు మనిషి కూర్చుంటే దానికి ఇక ఏమీ కనపడదు. ఈ షోలో గుంపు డాన్సులు చాలా ఉంటాయని విన్నాను. మాటిమాటికీ వెళ్ళేది కాదు కాబట్టి వాళ్ళిద్దరూ హాయిగా చూడాలని నా తాపత్రయం. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

మూడో_గంట:

మీరు అనుకున్నదే కరెక్ట్ అండి. గుంపు డాన్సులు ఎక్కువున్న షోని కాస్త పైనుంచి చూస్తేనే అందం, కాకపోతే ఎంత పైన అన్నది తేల్చుకోవాలి.

ముందు పేర్ల సంగతి. స్టాల్స్ అంటే కింద స్టేజీకి ఎదురుగా ఉండే సీట్లు. అమెరికాలో వీటినే ఆర్కెస్ట్రా అంటారు, ఆ పేరు చూసి వాయిద్యాల వాళ్ళ పక్కన కూర్చోబెడతారేమో అని కంగారు పడకండి. దాని పైన ఉండే మొదటి బాల్కనీ డ్రెస్ సర్కిల్, కొన్నిచోట్ల రాయల్ సర్కిల్ అని రాస్తారు, అమెరికాలో అయితే మెజనైన్. ఆ పైది అప్పర్ సర్కిల్, ఇంకా పైన ఉంటే బాల్కనీ లేదా గ్యాలరీ. బాక్సులు గోడకి అటూ ఇటూ ఉంటాయి, వెనకటికి పెద్దింటివాళ్ళు నలుగురి కళ్ళల్లో పడటానికి కూర్చున్న చోట్లు అవి, స్టేజీని పూర్తిగా పక్కనుంచి చూడాలి, కాబట్టి షో కోసం వెళ్ళేవాళ్ళు వాటి జోలికి పోకపోవడమే మంచిది.

నేను ఎవరు అడిగినా మొదట చెప్పేది ఒకటే, దగ్గరగా ఉండటం కన్నా మధ్యలో ఉండటం ముఖ్యం. ఎందుకంటే పాత తరహా థియేటర్లలో స్టేజీకి ముందు ఒక పెద్ద చట్రం ఉంటుంది, ప్రొసీనియం అంటారు, ఆ చట్రంలోంచే మనం లోపలికి చూస్తాం. మీరు ఎడమ చివర కూర్చుంటే ఎడమ పక్క స్టేజీ వెనక మూల ఆ చట్రం చాటుకి పోతుంది, కుడి చివరైతే కుడి మూల పోతుంది. సెట్ డిజైన్ చేసేవాళ్ళూ డాన్స్ కూర్చేవాళ్ళూ పనంతా హాలు మధ్యలో కూర్చుని చూసుకుంటూ చేస్తారు, ఆ బొమ్మ ఆ కోణంలోంచే పూర్తిగా కుదురుతుంది. అందుకే ఐదో వరసలో గోడ పక్క సీటు కన్నా పదిహేనో వరసలో నడిమధ్య సీటు మేలు అని గట్టిగా చెప్తాను.

దూరం గురించి కూడా ఒక లెక్క ఉంది. థియేటర్లు కట్టేవాళ్ళు మొహంలో భావాలు తెలియాలంటే సుమారు 20 మీటర్లు హద్దు అనుకుంటారు, పాటలూ డాన్సులూ ఉన్న షోలకి 30 మీటర్ల దాకా ఫర్వాలేదు అంటారు. వరసకీ వరసకీ మధ్య 80, 90 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి పన్నెండో వరస దాకా మొహాలు బాగానే తెలుస్తాయి, స్టేజీ ముందు వాయిద్యాలవాళ్ళు కూర్చునే ఆర్కెస్ట్రా గుంట కలుపుకున్నా సరే. అయితే వరస నంబరు ఒక్కటే చూసి నిర్ణయించుకోవద్దు, న్యూయార్క్‌లో పెద్ద మ్యూజికల్స్ ఆడే బ్రాడ్‌వేలోనే గెర్ష్విన్ థియేటర్లో 1,900కి పైగా సీట్లుంటే హేస్ థియేటర్లో 600 కూడా లేవు, చిన్న హాల్లో చివరి వరస పెద్ద హాల్లో మధ్య వరసతో సమానం అవుతుంది.

ఇక షోని బట్టి. పేరున్న మ్యూజికల్స్ మూడు చెప్తాను. హ్యామిల్టన్‌లో స్టేజీ మధ్యలో ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు తిరిగే చక్రాలు ఉంటాయి, అవి ఒక్కోసారి ఎదురెదురు దిక్కుల్లో కూడా తిరుగుతాయి, మనుషులు వాటి మీద నడుస్తూ ఉంటారు, కింద ముందు వరసల్లోంచి ఆ నేల కనపడదు కాబట్టి సగం పనితనం తెలియదు, సర్కిల్ ముందు వరసల్లోంచి చూస్తే కథ ఎటు తిరుగుతోందో నేల మీదే కనపడుతుంది. లయన్ కింగ్ దానికి రివర్స్, మొదటి పాటలో జంతువుల బొమ్మలు ధరించిన నటులు ప్రేక్షకుల మధ్య నడవాల్లోంచి స్టేజీ మీదకి వెళ్తారు, ఏనుగు మన భుజం పక్కనుంచే పోతుంది, దానికి మాత్రం స్టాల్స్‌లో నడవా పక్క సీటు దొరికితే వదలొద్దు. ఫాంటమ్ ఆఫ్ ది ఓపెరా 1986 నాటి ఒరిజినల్ ప్రొడక్షన్‌లో ప్రేక్షకుల తలల పైన వేలాడే పెద్ద షాండ్లియర్, అంటే దీపాల గుత్తి, మొదటి అంకం చివర కిందకి వచ్చేది, స్టాల్స్ వెనక భాగంలో కూర్చున్నవాళ్ళకి పై బాల్కనీ అడ్డం కాబట్టి అది పైన ఉన్నప్పుడు కనపడేది కాదు. మీ షో పేరు చెప్పలేదు గానీ గుంపు డాన్సులు ఎక్కువ అన్నారు కాబట్టి నా ఓటు డ్రెస్ సర్కిల్ మధ్య భాగం, మొదటి నాలుగైదు వరసలు.

రిస్ట్రిక్టెడ్ వ్యూ అంటే ఏదో ఒకటి అడ్డం ఉందని ముందే ఒప్పుకుంటున్నారన్నమాట. స్తంభం కావచ్చు, రెయిలింగ్ కావచ్చు, పక్క కోణం కావచ్చు, పై బాల్కనీ చూరు కావచ్చు. ఏది అడ్డమో అడిగి తెలుసుకోండి, కొన్ని నిజంగానే చిన్న అడ్డాలు, రేటు మాత్రం తగ్గుతుంది. స్తంభం వెనక సీటు మాత్రం ఎంత చవకైనా వద్దు, రెండున్నర గంటలు మెడ అటూ ఇటూ వంచుతూనే ఉండాలి.

ముందువరస_అభిమాని:

అక్కా, బావగారి మాట కూడా పూర్తిగా కొట్టిపారేయకండి. ముందు రెండు మూడు వరసల్లో కూర్చుంటే దొరికేది ఇంకెక్కడా దొరకదు, పాడేటప్పుడు గొంతు నరాలు కనపడతాయి, డాన్స్ అయ్యాక ఊపిరి వినపడుతుంది, మన కళ్ళల్లోకి చూసి పాడుతున్నారా అనిపిస్తుంది. 1996లో రెంట్ అనే మ్యూజికల్ బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు మొదటి రెండు వరసల్ని షో రోజున చాలా తక్కువ రేటుకి అమ్మారు, డబ్బు లేని కుర్రకారు గంటలు గంటలు లైన్లో నిలబడి కొనుక్కునేవాళ్ళు, తర్వాత దాన్నే లాటరీ పద్ధతికి మార్చారు. అంటే ముందు వరసలో ఖరీదైన సీటు కన్నా పిచ్చి ప్రేమ ఉన్న ప్రేక్షకుడు కూర్చుంటే నటులకి కూడా ఊపొస్తుంది కదా, నాకు ఆ పద్ధతి చాలా ఇష్టం.

అయితే నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా, మొదటి వరసలో స్టేజీ అంచు ఎత్తుగా ఉంటే పాదాలు కనపడవు, డాన్స్ షోకి అది పెద్ద లోటే. నడిమధ్యలో కూర్చుంటే వాయిద్యాలవాళ్ళని చేతులతో నడిపించే కండక్టర్ తల కూడా అడ్డం రావచ్చు. డ్రై ఐస్ పొగ వదిలితే అది గాలి కన్నా బరువు కాబట్టి స్టేజీ మీదనుంచి జారి నేరుగా ముందు వరసల మీదకే వస్తుంది, చిన్నపిల్లలకి దగ్గు రావచ్చు. నేనైతే ఒకసారి చూసేసిన షోని రెండోసారి చూడటానికే ముందు వరస తీసుకుంటాను. మొదటిసారి చూసేవాళ్ళకి, అందులో పాపతో వెళ్ళేవాళ్ళకి, ఆరు నుంచి పన్నెండు వరసల మధ్య అయితే మొహాలూ తెలుస్తాయి, పాదాలూ కనపడతాయి.

సౌండ్_డెస్క్:

అందరూ కళ్ళ గురించే మాట్లాడుతున్నారు, మ్యూజికల్‌కి వెళ్ళేది సగం చెవుల కోసం కదండీ. నేను ఈ ఫీల్డ్‌లోనే పనిచేస్తాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి, మీ అమ్మగారికి ముఖ్యంగా పనికొస్తుంది.

నటుల నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోట చిన్న మైకు దాచి పెడతారు, గొంతు అక్కడినుంచి వైర్‌లెస్‌లో మిక్సింగ్ డెస్క్‌కి వస్తుంది. ఆ డెస్క్ ఎక్కువ థియేటర్లలో స్టాల్స్ వెనక భాగంలో ప్రేక్షకుల మధ్యే ఉంటుంది. ఆపరేటర్ అక్కడ కూర్చుని తన చెవికి ఎలా వినపడుతోందో దాన్నిబట్టి ప్రతి డైలాగుకీ మైకులు తెరుస్తూ మూస్తూ ఉంటాడు, అందుకని డెస్క్‌కి ముందు రెండు మూడు వరసల్లో కూర్చుంటే ఆయన వింటున్నదే మీరూ వింటారు. సీటింగ్ మ్యాప్‌లో స్టాల్స్ వెనకాల కొన్ని సీట్లు మాయమైనట్టు ఖాళీ జాగా ఉంటే అది చాలాసార్లు డెస్కే.

ముందు వరసల్లో చిక్కు ఏంటంటే పెద్ద స్పీకర్లు పైనా పక్కలా వేలాడుతూ ఉంటాయి, వాటి ధ్వని మీ తలల మీదుగా వెనక్కి వెళ్ళిపోతుంది. ముందున్నవాళ్ళ కోసం స్టేజీ అంచున చిన్న స్పీకర్లు పెడతారు గానీ గుంటలోంచి డ్రమ్సూ బాకాలూ నేరుగా వచ్చి మీద పడుతుంటే వాటి మధ్యలో పాట మాటలు వినపడటం కష్టం. కొన్ని షోలకి గుంట మూసేసి వాయిద్యాలవాళ్ళని వేరే గదిలో కూర్చోబెడతారు, అప్పుడు ఈ ఇబ్బంది ఉండదు. స్టాల్స్‌లో కూర్చున్నప్పుడు ఇంటర్వెల్‌లో ఒకసారి వెనక్కి తిరిగి సర్కిల్ అంచు చూడండి, చిన్న టీవీలు ఉంటాయి, నటులు కండక్టర్ చేతులు అందులోనే చూస్తూ పాడతారు, పాపకి చూపించండి, సరదా పడుతుంది.

స్టాల్స్ చివరి వరసలు, అంటే పై బాల్కనీ కిందకి దూరిపోయేవి, అక్కడ అసలు జాగ్రత్త పడాలి. పైనుంచి వేలాడే స్పీకర్ల ధ్వని ఆ చూరు కిందకి సరిగ్గా రాదు, దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉంటుంది. మంచి థియేటర్లలో ఆ చూరు కిందే అదనపు స్పీకర్లు పెడతారు. వాటిలో కూడా ఒక కిటుకు ఉంది, ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లే వెళ్తుంది, అంటే స్టేజీ నుంచి 20 మీటర్లు రావడానికి దాదాపు 60 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ దగ్గర స్పీకర్లోంచి వెంటనే ధ్వని వదిలితే పాట నెత్తి మీదనుంచి వస్తున్నట్టు ఉంటుంది, అందుకని దాన్ని కావాలనే అంత ఆలస్యం చేసి వదులుతారు. ముందు ఏ వైపు నుంచి ధ్వని చెవిన పడితే మెదడు ఆ వైపే మనిషి ఉన్నాడని నమ్ముతుంది, హెల్ముట్ హాస్ అనే ఆయన 1949లో దీన్నే ప్రయోగాలు చేసి చూపించాడు. ఇదంతా సరిగ్గా సెట్ చేసిన హాల్లో వెనక వరసలు కూడా బాగానే ఉంటాయి, కానీ ఆ హాల్లో చేశారో లేదో టికెట్ కొనేముందు మనకి తెలియదు, అందుకని నా సలహా చూరు కింద రెండో వరస దాటి వెనక్కి వెళ్ళొద్దు.

ఇక అమ్మగారి సంగతి. థియేటర్‌కి ఫోన్ చేసి ఇండక్షన్ లూప్ ఉందా, ఇన్ఫ్రారెడ్ సిస్టమా అని అడగండి. లూప్ అయితే హియరింగ్ ఎయిడ్‌ని టి మోడ్‌లో పెట్టుకుంటే షో ధ్వని నేరుగా అందులోకే వస్తుంది, కానీ అన్ని సీట్లకీ అందకపోవచ్చు, ఏ వరసల్లో బాగా పనిచేస్తుందో వాళ్ళే చెప్తారు. ఇన్ఫ్రారెడ్ అయితే రిసీవర్ ఇస్తారు, మెడలో వేసుకునే లూప్ ఉన్నది అడిగి తీసుకుంటే హియరింగ్ ఎయిడ్ తీయక్కర్లేదు, టి మోడ్‌లో పెడితే చాలు, కాకపోతే అది కాంతితో పనిచేస్తుంది కాబట్టి స్తంభాల వెనకా మూలల్లో సిగ్నల్ తెగిపోతుంది. ఎయిడ్‌లో టి మోడ్ ఆన్ చేసి ఉందో లేదో మాత్రం ఇప్పుడే ఆడియాలజిస్ట్‌తో చూపించుకోండి, చాలామంది ఎయిడ్లలో అది ఉండి కూడా ఆన్ చేసి ఉండదు. ఏదైనా ఒక రోజు క్యాప్షన్ షో ఉంటే ఇంకా మంచిది, పాటలూ మాటలూ స్క్రీన్ మీద వస్తాయి, అయితే ఆ స్క్రీన్ సాధారణంగా ఒక పక్కనే ఉంటుంది కాబట్టి అది కనపడే సీట్లు ఏవో అడిగి తీసుకోవాలి.

నడవా_పక్క:

పైన అందరూ బాగా చెప్పారు, నేను మోకాళ్ళ గురించే చెప్తా, మా నాన్నగారిని తీసుకెళ్ళిన అనుభవంతో.

పై ఫ్లోర్ అంటే ఎక్కువ మెట్లు, కింద అంటే తక్కువ మెట్లు అని లెక్కేసుకోవద్దు. లండన్‌లో పాత థియేటర్లు చాలావాటిలో స్టాల్స్ రోడ్డు కన్నా కిందకి ఉంటాయి, డ్రెస్ సర్కిల్ దాదాపు రోడ్డు లెవెల్లో ఉంటుంది, అందుకని వీల్‌చైర్ చోట్లు కూడా సర్కిల్‌లోనే పెట్టినవి ఉన్నాయి. క్రైటీరియన్ థియేటర్ అయితే మొత్తం భూమి లోపలే. ఇలాంటి పాత కట్టడాల్లో లిఫ్ట్ ఉండకపోవచ్చు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఏ ఫ్లోర్ అని కాదు, వీధి గుమ్మం నుంచి నా సీటు దాకా ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ ఉందా, బాత్రూమ్ అదే లెవెల్లో ఉందా అని. బాత్రూమ్ మాట చాలామంది మర్చిపోతారు, సీటు దాకా మూడే మెట్లుండి బాత్రూమ్‌కి ఇరవై మెట్లుంటే ఇంటర్వెల్ అంతా అదే సరిపోతుంది.

సర్కిల్ లోపల కూడా మెట్లుంటాయి, ఒక్కో వరసకి ఒకటో రెండో మెట్లు, ఎక్కువచోట్ల వాటికి పట్టుకునే కమ్మీ ఉండదు. తలుపు వెనక వైపు ఉంటే వెనక వరసలు నయం, ముందు వైపు ఉంటే ముందు వరసలు నయం. అప్పర్ సర్కిల్, గ్యాలరీ మాత్రం అమ్మగారితో వద్దే వద్దు, ఏటవాలు ఎంత ఎక్కువంటే కిందకి చూస్తే కళ్ళు తిరిగేవాళ్ళుంటారు.

అమ్మగారిని నడవా పక్క సీట్లో కూర్చోబెట్టండి, కాలు చాపుకోవచ్చు, మధ్యలో లేచినా ఎవరి మోకాళ్ళూ దాటక్కర్లేదు. పాపకి బూస్టర్ సీటు ఉందేమో అడగండి, చాలాచోట్ల ఉచితంగా ఇస్తారు గానీ కొన్ని హాళ్ళలో సర్కిల్‌లో ఇవ్వరు, రెయిలింగ్ దగ్గర పిల్లలు ఎత్తుగా కూర్చుంటే ప్రమాదం అని. నలుగురికీ ఒకే వరసలో దొరక్కపోతే ముందు రెండు, సరిగ్గా వాటి వెనక రెండు తీసుకోండి, పాప ముందు మీవారు కాకుండా మీరు కూర్చుంటే సరి.

కొత్త_ప్రేక్షకురాలు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా చాలా థాంక్స్. మావారికి కూడా చదివి వినిపించాను, పాదాలు కనపడవన్న మాట దగ్గర ఆయన కాస్త మెత్తబడ్డారు. ఫోన్ చేశాను. గుమ్మం నుంచి డ్రెస్ సర్కిల్‌కి నాలుగే మెట్లట, స్టాల్స్‌కి అయితే కిందకి దిగాలట, బాత్రూమ్ సర్కిల్ లెవెల్లోనే ఉందట. ఇన్ఫ్రారెడ్ సిస్టమ్, మెడలో వేసుకునే లూప్ ఇస్తారట. ఇప్పుడు ఖాళీగా ఉన్నవి ఇవి. సర్కిల్‌లో మొదటి వరస మధ్యలో నాలుగు, సర్కిల్‌లో మూడో వరసలో మధ్య బ్లాక్ చివర నడవా పక్కన నాలుగు, స్టాల్స్‌లో తొమ్మిదో వరసలో కుడివైపు నాలుగు. సర్కిల్ మొదటి వరస రేటు అన్నిటికన్నా ఎక్కువ. పాప ముందు ఎవరూ ఉండరు కదా, అదే తీసుకోనా?

మూడో_గంట:

మొదటి వరస వద్దండి, మూడోదే తీసుకోండి. పెద్దవాళ్ళకి మొదటి వరస చాలా బాగుంటుంది గానీ ముందు రెయిలింగ్ ఉంటుంది, పాప కళ్ళు సరిగ్గా దాని ఎత్తులోనే వస్తాయి, స్టేజీ ముందు భాగం దాని చాటుకి పోతుంది. ముందుకి వంగి చూద్దామంటే వెనకవాళ్ళకి అడ్డం, ప్రమాదం కూడా. పైగా పాత హాళ్ళలో మొదటి వరసలో కాళ్ళు పెట్టుకునే చోటు తక్కువ, మీ అమ్మగారి మోకాళ్ళు ఆ గోడకి తగులుతుంటాయి. మూడో వరసకి వచ్చేసరికి ఏటవాలు వల్ల ముందువాళ్ళ తలలు కిందకి పోతాయి, రెయిలింగ్ కూడా చూపు కిందే ఉంటుంది. పాపకి అవసరమైతే మడిచిన స్వెటర్ ఒకటి కింద వెయ్యండి.

స్టాల్స్ తొమ్మిదో వరస దూరం పరంగా బంగారం లాంటిదే, ఇద్దరు పెద్దవాళ్ళే అయితే అదే చెప్పేవాణ్ణి. కానీ స్టాల్స్‌లో ముందు సగం చాలాచోట్ల దాదాపు చదునుగా ఉంటుంది, పాప ముందు ఎవరు కూర్చుంటారో మన చేతుల్లో లేదు.

సౌండ్_డెస్క్:

నేనూ మూడో వరసకే. సర్కిల్ ముందు వరసలకి ధ్వని కూడా సూటిగా అందుతుంది, నెత్తి మీద చూరు ఏమీ ఉండదు, ఇన్ఫ్రారెడ్ కాంతికి కూడా అడ్డు లేదు. మధ్య బ్లాక్ చివర అంటున్నారు కదా, మరీ పక్కకి పోలేదు, ఆ కాస్త కోణం వల్ల పెద్దగా పోయేదేం లేదు.

ముందువరస_అభిమాని:

అక్కా ఒకటి చూసుకోండి, సీటు నంబర్లు. బ్రాడ్‌వే తరహా హాళ్ళలో ఎడమ పక్క అన్నీ బేసి సంఖ్యలు, కుడి పక్క అన్నీ సరి సంఖ్యలు, మధ్య బ్లాక్‌లో 101 నుంచి వరసగా ఉంటాయి. అంటే పక్క బ్లాకుల్లో 1, 3 పక్కపక్కన, 1, 2 మాత్రం హాలుకి చెరో వైపు. వేరేవాళ్ళు అమ్మే టికెట్లు కొనేటప్పుడు నంబర్లు వరసగా ఉన్నాయి కదా అని కొనేసి విడిపోయినవాళ్ళు ఉన్నారు. వరసల్లో కూడా ఏ కన్నా ముందు ఏఏ, బీబీ అని ఉండొచ్చు, గుంట మీద అదనంగా వేసిన వరసలు అవి. మ్యాప్ మీద వేలు పెట్టి చూసుకున్నాకే డబ్బు కట్టండి. సీట్‌ప్లాన్ లాంటి సైట్లలో ప్రేక్షకులు తమ సీట్లోంచి తీసిన ఫోటోలు ఉంటాయి, మీ హాలు ఉంటే మూడో వరసది చూడండి. అయితే ఫోన్ కెమెరా స్టేజీని చిన్నగా దూరంగా చూపిస్తుంది, దూరం చూసి భయపడకండి, అడ్డాలు ఏమైనా ఉన్నాయా అన్నదే చూడండి.

కొత్త_ప్రేక్షకురాలు:

బుక్ చేసేశాను! సర్కిల్ మూడో వరస, నడవా పక్కన అమ్మ, తర్వాత నేను, పాప, ఆ చివర మావారు. నంబర్లు మ్యాప్‌తో సరిచూసుకున్నాను, ఫోటో కూడా దొరికింది, రెయిలింగ్ కింద సన్నగీతలా ఉంది అంతే, స్టేజీ మొత్తం కనపడుతోంది. అమ్మ హియరింగ్ ఎయిడ్‌లో టి మోడ్ ఆన్ చేయించడానికి ఈ వారమే తీసుకెళ్తున్నాను. రిసీవర్ ముందే బుక్ చేసుకోవాలా?

నడవా_పక్క:

ముందే చెప్పి పెట్టడం మంచిది, కొన్నే ఉంటాయి. షోకి కనీసం అరగంట ముందు లోపల ఉండండి, రిసీవర్ తీసుకోవడానికి ఏదైనా ఐడీ అడగొచ్చు, తీసుకున్నాక సీట్లో కూర్చుని తెర లేచేలోపే సౌండ్ వస్తోందో లేదో చూసుకోండి, రాకపోతే మార్చి ఇస్తారు. ఇంకోటి, లేటుగా వెళ్తే చాలా హాళ్ళలో మధ్యలో పంపరు, పాటలకి మధ్య వాళ్ళు చెప్పిన చోట దాకా బయటే ఆపేస్తారు, అప్పుడు కూడా చీకట్లో అమ్మగారితో ఆ మెట్లు దిగాల్సి వస్తుంది.

కొత్త_ప్రేక్షకురాలు:

సరేనండి, రేపే ఫోన్ చేసి ఒకటి పక్కన పెట్టమంటాను. చూసొచ్చాక మూడో వరస ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.